పంజాగుట్ట స్టాపుకు ముందే దిగేవాళ్లు

రవాణా ఆర్థికశాస్త్రం, రవాణా నిర్వహణ చదవడానికి యూనివర్సిటీలో చేరిన పిల్లలు ఏటా ఇద్దరో ముగ్గురో నాకు ఫోన్ చేస్తారు. నేను ఆ కోర్సు చదివినవాణ్ణి, సిటీ బస్సుల షెడ్యూళ్లు వేసి రిటైరైనవాణ్ణి, తర్వాత కొన్నేళ్లు అదే కోర్సులో పాఠాలు చెప్పినవాణ్ణి. ఏ పుస్తకం చదవాలి సార్ అని అడుగుతారు. పుస్తకాల పేర్లు మీ మేడములే చెబుతారు. వాళ్లు చెప్పనిది నా దగ్గర ఒకటే ఉంది, అది ఇక్కడ రాస్తున్నాను.

ముందుగా మీకు నా సానుభూతి. అమీర్‌పేటలో మెట్రో దిగి ఏ గల్లీలోకి తిరిగినా ఒక బోర్డు మిమ్మల్ని పట్టుకుంటుంది. మూడు నెలల కోర్సు, ఆపైన ఉద్యోగం ఖాయం అంటుంది. మన కోర్సు రెండేళ్లు. దానికి బోర్డు కూడా లేదు. ఏం చదువుతున్నావని పక్క రూం వాడు అడిగితే మీరు చెప్పే జవాబుకు వాడు "అంటే బస్సు నడుపుడా?" అంటాడు. నన్నూ అన్నారు. నవ్వి ఊరుకోండి.

నా ప్రమోషన్ల సంగతి రాయను, అవి నాకే సరిగ్గా గుర్తులేవు. నేను తీసేసిన ఒక బస్సు గురించి రాస్తాను. ఆ బస్సుతో పాటు నా ఇంట్లో రోజుకు ఒక గంట పోయింది. బస్సును తిరిగి తెప్పించగలిగాను. గంటను తెప్పించలేకపోయాను.

మధ్యాహ్నం భోజనం

అప్పుడు మేము ఎర్రగడ్డ రైతు బజార్ వెనక అద్దెకుండేవాళ్లం. నా భార్య కరుణ పంజాగుట్టలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో స్టాఫ్ నర్సు. ఆమెది ఎప్పుడూ మధ్యాహ్నం రెండు గంటల డ్యూటీ. నా ఆఫీసు ఇంటికి స్కూటర్ మీద పది నిమిషాలు. నేను పొద్దున ఏడింటికే పోయేవాణ్ణి, ఆమె డ్యూటీ దిగి వచ్చేసరికి నాకు సగం నిద్ర. మాకు పిల్లలు లేరు. ఇద్దరం మెలకువగా, ఓపికగా ఒకచోట ఉండే సమయం పన్నెండున్నర నుంచి ఒకటీ ఇరవై దాకా. నేను భోజనానికి వచ్చేవాణ్ణి, ఆమె తిని డ్యూటీకి బయలుదేరేది.

ఆ యాభై నిమిషాలు మేం తెగ మాట్లాడుకునేవాళ్లం. ఆమె వార్డు సంగతులు చెప్పేది, నేను కండక్టర్ల కథలు చెప్పేవాణ్ణి. టమాట పప్పులో ఎండుమిరపకాయ ఎవరికి వస్తే వాళ్లు రెండోవాళ్లకు ఇచ్చెయ్యాలి, అదో ఆట. ఒకటీ ఇరవైకి గోడ గడియారం చూసి, "వస్త మరి. పెరుగు మూత పెట్టున్రి, పిల్లి వస్తది," అని చెప్పులేసుకునేది. ఒకటీ ఇరవై అయిదుకు ఎర్రగడ్డ నుంచే బయలుదేరే బస్సు ఒకటుండేది, అది ఎక్కేది.

యూనివర్సిటీలో చేరమని పోరు పెట్టిందీ ఆమే. "ఎన్నేండ్లు గీ స్కూటర్ మీద తిరుగుతరు? జర చదువున్రి. పెద్ద కుర్చీల కూసుంటరు," అని ఫారం తనే నింపింది. సాయంత్రం క్లాసులు. నలభై దాటిన నేను, పాతికేళ్ల పిల్లల మధ్య చివరి బెంచీలో కూర్చునేవాణ్ణి. చదువు నాకు నచ్చింది. ఎన్నాళ్లుగానో గుడ్డిగా చేస్తున్న పనికి పేర్లున్నాయని తెలిసింది. పేరు తెలియగానే పని తెలిసిపోయిందనుకున్నాను. మీకూ మొదటి ఏడాది ఈ జబ్బు వస్తుంది.

లెక్క

ప్రాజెక్టుకు నేను ఎర్రగడ్డ నుంచి అమీర్‌పేట, పంజాగుట్ట మీదుగా లక్డీకాపూల్ పోయే రూటు తీసుకున్నాను. బస్సులో ఉన్న సీట్లకు ఎంతమంది ఎక్కుతున్నారో చూసి, ఖాళీగా తిరిగే ట్రిప్పులు కనిపెట్టి తీసెయ్యాలని నా ఆలోచన. టికెట్లను బట్టి చెప్పడానికి లేదు. ఆ రూటులో నెలవారీ పాసులవాళ్లు ఎక్కువ, వాళ్లు టికెట్ తీసుకోరు. అందుకని ఒకచోట నిలబడి బస్సులో తలలు లెక్కపెట్టాలి. బస్సు ఎక్కడ బాగా నిండుతుందో అక్కడ నిలబడాలని పుస్తకం చెబుతుంది. పొద్దున పూట ఆ రూటులో పంజాగుట్ట దగ్గర బాగా నిండుతుంది. అందుకని రోజంతా పంజాగుట్ట స్టాపులోనే లెక్కపెట్టించాను.

ఇందులో శాస్త్రం సగమే. ఆ స్టాపు వెనక ఇరానీ హోటల్ ఉంది. నీడ ఉంది, చాయ్ ఉంది, ఆఫీసు ఇచ్చిన ఇద్దరు మనుషులు సణక్కుండా కూర్చుంటారు. మన వృత్తిలో లెక్కలు చాలావరకు నీడ ఉన్నచోటే జరుగుతాయి. రిపోర్టులో ఆ మాట ఎవరూ రాయరు.

వారం రోజుల కాగితాలు ముందేసుకుంటే నాలుగు ట్రిప్పులు బోసిగా తేలాయి. ఒకటీ ఇరవై అయిదు బస్సులో ఏ రోజూ పదిమందికి మించి లేరు. ఆ రోజు అన్నం తింటూ కరుణకు చెప్పాను.

"గది ఖాళీగ ఎక్కడుంటది? నిలవడే పోతం కదా," అంది.

"నీకట్ల అనిపిస్తది. ఇగో చూడు," అని కాగితం ఆమె కంచం పక్కన పెట్టాను. సోమవారం ఎనిమిది, మంగళవారం తొమ్మిది. తడి చెయ్యి తగలకుండా ఆమె దాన్ని కిందినుంచి పైదాకా చూసింది.

"మరి గింతమందిమి ఏడికి పోతున్నమో," అంది.

నేను నవ్వాను. ఒక్క మనిషి అనుభవం లెక్కలోకి రాదని, దానికో ఇంగ్లీషు పేరుందని, మొన్ననే నేర్చుకున్న పాఠం అప్పజెప్పాను. ఆమె కాగితం మడిచి నా చేతికిచ్చింది. నా జీవితంలో నాకు దొరికిన అన్నిటికన్నా మంచి సర్వే ప్రశ్న అది. దానికి నేను జవాబు వెతకలేదు.

వైవా

మా ప్రొఫెసర్ వెంకటరత్నం గారు గుంటూరు వైపు నుంచి వచ్చినవారు. కారు లేదు, స్కూటర్ లేదు, ఎక్కడికైనా బస్సే. వైవాలో రిపోర్టు తిరగేసి, "ఇమ్మానుయేల్ గారూ, మీరీ మధ్యాహ్నం బస్సు ఎక్కారా?" అన్నారు.

ఎక్కలేదు. నాకు స్కూటరుంది. కానీ పక్కన బయటినుంచి వచ్చిన పరీక్షకుడు ఉన్నారు. "ఎక్కాను సార్," అన్నాను.

"ఎక్కడ దిగారు?"

"పంజాగుట్ట స్టాపులో సార్."

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుని, "సరే, ఎక్కడ దిగారో గుర్తుంచుకోండి," అన్నారు. నాకు ఫస్ట్ క్లాసొచ్చింది. మా ఆఫీసులో పై అధికారి నర్సింగరావు సారు నా రిపోర్టును మీటింగులో ఎత్తి చూపించి, మరుసటి నెల ఒకటో తారీఖు నుంచి నాలుగు ట్రిప్పులూ తీసేశారు. స్వీట్లు పంచాను.

కరుణ బస్సు పోతుందని నాకు తెలియదా అంటే, తెలుసు. పటాన్‌చెరు నుంచి, కూకట్‌పల్లి నుంచి అదే రోడ్డు మీద బోలెడు బస్సులొస్తాయి, ఏదో ఒకటి ఎక్కుతుందిలే అనుకున్నాను. ఆ వేళకు అవి ఫుట్‌బోర్డు దాకా నిండి, ఎర్రగడ్డలో ఆపకుండా పోతాయని ఎక్కేవాళ్లకే తెలుసు.

రెండో వారంలో నేను ఇంటికొచ్చేసరికి ఆమె చెప్పులేసుకుని గుమ్మంలో ఉంది. కంచంలో అన్నం పెట్టి ఇంకో కంచం బోర్లించి ఉంది.

"డ్యూటీ మారిందా?"

"ఆఁ... జర ముందుగల పోవాలె ఇగ," అంది.

ఆమె వెళ్లిపోయింది. కంచం తీసి తిన్నాను. పదకొండు నెలలు అలాగే తిన్నాను. మొదట్లో పేపరు చదువుతూ తిన్నాను, తర్వాత రేడియో పెట్టుకుని తిన్నాను. ఎండుమిరపకాయ వస్తే కంచం అంచున పెట్టేవాణ్ణి.

తొమ్మిదిమందిలో ఒకణ్ణి

ఒకరోజు స్కూటర్ మెకానిక్ దగ్గరుంది. లక్డీకాపూల్‌లో మీటింగు. ఎర్రగడ్డలో పన్నెండు నలభైకి బయలుదేరిన బస్సును తర్వాతి స్టాపు ఈఎస్ఐ దగ్గర పట్టుకుని, వెనక తలుపులోంచి ఎక్కాను. కాలు పెట్టే చోటు లేదు. మగవాళ్ల గుంపులోంచి మెడ చాచి చూస్తే, ముందు ఆడవాళ్లలో కరుణ. రాడ్డు పట్టుకుని నిలబడి ఉంది. చుట్టూ ఆమె ఈడు నర్సులు, ఆయమ్మలు. ఎవరో ఏదో అంటే తలవెనక్కి వేసి నవ్వుతోంది. ఒకప్పుడు మా వంటింట్లో అలా నవ్వేది.

పిలవబోయి ఆగిపోయాను. పన్నెండు నలభై బస్సులో ఈమెకేం పని? డ్యూటీ మారిందంది, కానీ మధ్యాహ్నం డ్యూటీ ఎవరికైనా రెండింటికే కదా? అప్పుడు కూడా వెంటనే తట్టలేదు. అమీర్‌పేట దాటాక తట్టింది, ఆమె ఎక్కే ఒకటీ ఇరవై అయిదు బస్సు ఇప్పుడు లేదని. తట్టాక పిలవడానికి మొహం చెల్లలేదు.

పంజాగుట్ట జంక్షన్ కనుచూపు మేరలో ఉండగానే బస్సు ఆగింది. రోజూ అక్కడ ఆగుతుందట. సిగ్నల్ దాటి స్టాపుకు చేరడానికి పావుగంట పడుతుంది, ఆసుపత్రి గేటు మాత్రం ఇవతలే. డ్రైవర్ ఏమీ అడక్కుండా తలుపు తీశాడు. కరుణ, నర్సులు, ఆయమ్మలు, టిఫిన్ బాక్సులతో రోగుల చుట్టాలు, అందరూ ఆగిన ఆటోల సందుల్లోంచి నడుచుకుంటూ పోయారు. రెండు నిమిషాల్లో బస్సు ఖాళీ. సీటు దొరికితే కూర్చున్నాను.

స్టాపు చేరేసరికి ఇరానీ హోటల్ నీడలో మా ఆఫీసు మనిషి ఉన్నాడు, ఆ నెల లెక్క జరుగుతోంది. చాయ్ గ్లాసు పక్కన పెట్టి, కిటికీల్లోంచి చూసి రాసుకున్నాడు. నేనూ లెక్కపెట్టాను. తొమ్మిదిమందిమి. ఆ బస్సు కూడా తర్వాత తీసెయ్యాల్సిన జాబితాలో ఉంది. జాబితా నా సంచిలోనే ఉంది.

ఆదివారం

ఆదివారం చర్చి నుంచి వచ్చాక, ఆమె ఉల్లిగడ్డలు కోస్తుంటే అడిగాను. "రెండు గంటల డ్యూటీకి పన్నెండున్నరకే ఎందుకు పోతున్నవ్?"

"ఇంక వేరే బస్సేది?"

"నాకెందుకు చెప్పలే?"

"చెప్పిన గదా. మీరు కాయితం చూపెట్టిన్రు." కోపంగా అనలేదు. కత్తి పక్కన పెట్టి, "ఆఫీసుల అందరు మెచ్చుకుంటున్నరంటిరి. ఇంట్ల నేను తప్పంటే మంచిగుండదనుకున్న," అంది.

ఆమె ఆసుపత్రికి గంట ముందే చేరి, బట్టలు మార్చుకునే గదిలో ఊరికే కూర్చునేదట. నేను ఇంట్లో ఒక్కణ్ణీ కూర్చుని తినేవాణ్ణి. నా లెక్క వల్ల ఆఫీసుకు బస్సు మిగిలింది. మా ఇద్దరికీ చెరో గంట మిగిలింది, అది ఎవరికీ పనికిరాలేదు. నాకు ఏడుపొచ్చింది. ఉల్లిగడ్డల మీదికి నెట్టాను.

పెద్దవాళ్లు

సోమవారం నర్సింగరావు సారుకు నోట్ రాసిచ్చాను, లెక్కపెట్టిన చోటు తప్పని. చదివి సొరుగులో పెట్టారు. "తీసిన ట్రిప్పు మల్ల పెట్టుడంటే మన తప్పు మనమే ఒప్పుకున్నట్టు. జర ఆగు," అన్నారు. పన్నెండు నలభై బస్సును మాత్రం జాబితాలోంచి కొట్టేశారు. ఒకటీ ఇరవై అయిదు బస్సు అయిదు నెలల తర్వాత కొత్త నంబరుతో వచ్చింది, ఆసుపత్రుల కోసం ప్రత్యేకంగా వేశామని. దానికి కూడా ఆయనకే పేరొచ్చింది. ఆయన్ని చాలాకాలం తిట్టుకున్నాను. ఇప్పుడనిపిస్తుంది, తప్పును తప్పని అనకుండా సరిదిద్దే విద్య ఆయనకు తెలుసు. ఆఫీసుల్లో బస్సులు ఎక్కువగా అలాగే తిరిగొస్తాయి. మీరు నేర్చుకోండి, కానీ దాన్ని చూసి మురిసిపోకండి.

వెంకటరత్నం గారి దగ్గరికి పోయి వైవాలో అబద్ధమాడానని చెప్పాను. "తెలుసండీ," అన్నారు. "ఆ బస్సెక్కినవాడెవడూ స్టాపులో దిగడు."

"మరి అప్పుడే ఎందుకు చెప్పలేదు సార్?"

"మీ అంతట మీరు తెలుసుకుంటేనే నిలుస్తుందని."

పదకొండు నెలలు పట్టింది సార్, అనాలనుకున్నాను, అనలేదు. ఆయన గొప్ప గురువు, నాకు తెలిసినదంతా ఆయన పెట్టిన భిక్ష. అయినా ఆ రోజు ఆయన నోరు విప్పాల్సింది. శిష్యుడికి పాఠం పట్టుబడేలోపు బస్టాపులో నిలబడేది వేరేవాళ్లు.

ట్రిప్పు తిరిగొచ్చేనాటికి కరుణను ఉదయం డ్యూటీకి వేశారు. ఆమె రిటైరయ్యేదాకా అదే డ్యూటీ. తర్వాత నేనూ రిటైరయ్యాను, అమీర్‌పేటలో రెండు గదుల ఫ్లాటు తీసుకున్నాం. మధ్యాహ్నాలు ఇక మావేననుకున్నాం. రెండేళ్లు కూడా గడవలేదు, ఆమెకు జబ్బు చేసింది. ఆమె పోయి ఇప్పుడు నాలుగేళ్లు.

నా పాఠాలు

గెస్ట్ లెక్చరరుగా పాఠాలు చెప్పిన రోజుల్లో ఒక రూలు పెట్టాను. ఏ రూటు మీద ప్రాజెక్టు చేస్తే ఆ బస్సు పదిసార్లు ఎక్కాలి, ఎక్కడ దిగారో నాకు చెప్పాలి. స్టాపులో దిగామన్నవాణ్ణి మళ్లీ పంపేవాణ్ణి.

ఇంకో సలహా కూడా ఇచ్చేవాణ్ణి, అది తప్పు. ప్రయాణికుల సర్వేలో చివరి ప్రశ్న ప్రయాణ ఉద్దేశం. ఉద్యోగం, చదువు, ఆసుపత్రి, బజారు, బంధువులు, ఇతరములు. ఇతరములు అన్న వరుసతో బుర్ర పాడుచేసుకోకండి, అది చెత్తబుట్ట, అందులోంచి ఏ షెడ్యూలూ పుట్టదు అని చెప్పేవాణ్ణి. పిల్లలు నోట్సులో రాసుకునేవాళ్లు.

మొన్న

నేనిప్పుడు చాలా మధ్యాహ్నాలు ఒక పని చేస్తాను. బాక్సులో అన్నం పెట్టుకుని, అమీర్‌పేటలో మెట్రో ఎక్కి ఎర్రగడ్డ పోతాను. అక్కడ ఆ ఒకటీ ఇరవై అయిదు బస్సెక్కి, వచ్చిన దారినే అమీర్‌పేట దాటి పంజాగుట్ట వస్తాను. రవాణా శాస్త్రం ప్రకారం ఇంతకన్నా బుద్ధితక్కువ ప్రయాణం లేదు. నంబరు మారింది, టైము అయిదు నిమిషాలు అటూ ఇటూ జరిగింది, బస్సు మాత్రం ఉంది. ఇప్పుడు ఆడవాళ్లకు ఉచితం కాబట్టి ముందుభాగం ఇంకా కిటకిటలాడుతుంది. నేను వెనక నిలబడి అటు చూస్తూ ఉంటాను.

మొన్న ఒకమ్మాయి మెడలో కార్డు, చేతిలో ఫోనుతో సర్వే చేస్తూ వచ్చింది. పేరు శ్రావణి, మన కోర్సే, రెండో ఏడాది.

"అంకుల్, ఏడ ఎక్కిన్రు?"

"ఎర్రగడ్డ."

"ఏడ దిగుతరు?"

"జంక్షన్‌కు ఇవతల, ఆసుపత్రి ఎదురుంగ."

ఫోనులో వెతికింది. "గది స్టాపు కాదంకుల్. లిస్టుల లేదు."

"నువ్వెక్కడ దిగుతవ్ బిడ్డా?"

"పంజాగుట్ట స్టాపుల. అక్కడ మా దోస్తు తలలు లెక్కపెడుతుండు."

అంతలో బస్సు ఆగింది, తలుపు తెరుచుకుంది. "ఇయ్యాల నాతోని ఇక్కడ దిగు," అన్నాను. ఏమనుకుందో, దిగింది. ఫుట్‌పాత్ మీద నిలబడి, దిగేవాళ్లను వేలితో లెక్కపెట్టింది. నలభై రెండు. ఖాళీ బస్సు వైపు చూసి, "అయ్యో, మావోడు అక్కడ ఏం రాస్తుండో," అంది. వెంటనే వాడికి ఫోన్ చేసి, "అరే, నువ్వు ఇటు రా," అంది. నాకు పదకొండు నెలలు పట్టినది ఆ పిల్లకు రెండు నిమిషాల్లో పట్టుబడింది. సంతోషమేసింది. ఇంటికెళ్లి చెప్పడానికి మనిషి లేదే అని వెంటనే గుర్తొచ్చింది.

"ఇంకొక్కటే ప్రశ్న అంకుల్. ప్రయాణం దేనికి? ఆసుపత్రికా?"

"కాదమ్మా."

"చుట్టాల ఇంటికా?"

నా బాక్సు వైపు చూసింది. రోగికి అన్నం తెచ్చాననుకుంది కాబోలు. "మా ఆవిడ ఇక్కడ దిగేది. ఇప్పుడు లేదు. ఇంట్ల ఒక్కణ్ణే తినలేక వస్త," అన్నాను.

ఆ పిల్ల ఫోనులో వరుసలు కిందిదాకా జరిపింది. అందులో నా జవాబుకు గడి లేదు. "ఇతరములు పెడుతున్న అంకుల్," అంది మెల్లగా.

"పెట్టు బిడ్డా," అన్నాను.

ఆసుపత్రి గోడ పక్కన సిమెంటు దిమ్మె ఉంటుంది. అక్కడ కూర్చుని బాక్సు విప్పాను. పప్పులో ఎండుమిరపకాయ వచ్చింది.

నా క్లాసులో నోట్సు రాసుకున్నవాళ్లు చెత్తబుట్ట అన్న ఆ ఒక్క వాక్యం కొట్టెయ్యండి. ఈ ఏడాది మీరు వేసే పట్టికలో అన్నిటికన్నా కింద, ఇతరములు అన్నచోట ఒక అంకె ఉంటుంది. అందులో ఒకణ్ణి నేను.